అంకెలకు ముందు మూడు వాక్యాలు: మొదటి క్యారెక్టర్ తయారీ

(టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్‌లకు కొత్తగా వచ్చినవారి కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఖాళీలున్నాయి, వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. అందరి దగ్గరా ఒక ఖాళీ క్యారెక్టర్ షీట్, అంటే మీ పాత్ర వివరాలు నింపే కాగితం, ఒక పెన్సిల్ ఉన్నాయి కదా? ఆ షీట్‌ని బోర్లా పెట్టేయండి. ఇంకాసేపటి వరకు ఆ గళ్ళతో మనకి పనిలేదు. వెనకవైపు తెల్లగా ఉంది చూశారా, మన పని ముందు అక్కడ.

ఈ ఆట గురించి చెప్పమంటే చాలామంది లావుపాటి పుస్తకాలు, రకరకాల పాచికల దగ్గర మొదలుపెడతారు. దానికంటే ఒక్క నిమిషం ఆట వినిపిస్తాను, వినండి. బల్ల చుట్టూ ఐదుగురున్నారు. ఒకరు గేమ్ మాస్టర్, ఆయన్ని జీఎం అందాం. మిగతా నలుగురూ తలా ఒక పాత్ర. జీఎం చెబుతున్నారు: "కోటగోడ అడుగున మురుగునీళ్ళు బయటికొచ్చే తూము ఉంది. అడ్డంగా ఇనప ఊచలు, బాగా తుప్పు పట్టాయి. లోపల ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఏం చేస్తారు?" నాగు అనే పాత్ర ఆడుతున్న అమ్మాయి అంటుంది: "నాగు ఒక ఊచ పట్టుకుని వంచుతాడు. మనిషి దూరేంత సందు చాలు." జీఎం: "అథ్లెటిక్స్ రోల్ చెయ్యమ్మా. 15 రావాలి." రోల్ అంటే పాచిక వేయడం, అథ్లెటిక్స్ అంటే ఒంటి బలంతో చేసే పనుల్లో నేర్పు. ఆ అమ్మాయి ఇరవై ముఖాల పాచిక వేసింది. 8 పడింది. నాగుకి అథ్లెటిక్స్‌లో 5 కలుస్తుంది. మొత్తం 13. చాల్లేదు. జీఎం: "ఊచ వంగుతూ వంగుతూ సగంలో ఫట్‌మని విరిగింది. సందైతే దొరికింది. కానీ లోపల మాటలు ఆగిపోయాయి. ఇప్పుడేం చేస్తారు?"

అంతే. ఒక్కసారి కూర్చుని నాలుగు గంటల సెషన్ ఆడినా, అదే కథని కొనసాగిస్తూ నాలుగేళ్ళ క్యాంపెయిన్ ఆడినా జరిగేది ఇదే. జీఎం పరిస్థితి చెబుతారు. మీ పాత్ర ఏం చేస్తుందో మీరు చెబుతారు. అవుతుందో లేదో అనుమానముంటే పాచిక వేస్తారు. పరిస్థితి మారుతుంది. మళ్ళీ అదే ప్రశ్న: ఏం చేస్తారు?

ఆ నిమిషంలో రెండు విషయాలు గమనించారా? ఒకటి, ఆ అమ్మాయి గొంతు మార్చలేదు, నటించలేదు. "నాగు వంచుతాడు" అని మామూలుగా చెప్పింది. "నాకు నటన రాదండీ, నేను ఆడగలనా?" అని కొత్తవాళ్ళు ప్రతిచోటా అడుగుతారు. ఆడగలరు. డైలాగులు అక్కర్లేదు, చేసే పని చెబితే చాలు. "నాగు కాపలావాడికి నచ్చజెబుతాడు, పాత స్నేహం గుర్తుచేస్తాడు" అంటే అది పూర్తిగా సరైన ఆట. రెండోది, రోల్ పోయింది కానీ ఆట ఆగలేదు. "ఊచ వంగలేదు, ఏమీ కాలేదు" అని జీఎం అనుంటే అందరూ మొహమొహాలు చూసుకునేవాళ్ళు. ఓడిపోయిన రోల్ కూడా కథని ఒక అడుగు జరపాలి. జరపడానికి ఏమీ లేనిచోట రోల్ అడగకూడదు. తాళం లేని తలుపు తీయడానికి పాచిక ఎందుకు?

ఇది గెలుపోటముల ఆట కాదు. జీఎం మీ శత్రువు కాదు. ఆయన చేతిలో రాక్షసులుంటారు నిజమే, కానీ ఆ రాక్షసులు గెలిస్తే ఆయనకొచ్చేదేమీ లేదు. ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే సంగతి ఇంకా తేలికగా అర్థమవుతుంది. బొమ్మ సైనికుల్ని బల్ల మీద పరిచి ఆడే యుద్ధపు ఆటలు అంతకుముందే ఉండేవి. వాటిలో మీరు సేన మొత్తాన్ని నడిపేవారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. అందులో సేన పోయి ఒక్క మనిషి మిగిలాడు. సేనకి కోరికలుండవు. మనిషికి ఉంటాయి. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ కోరిక గురించే.

సరే, పాచికలు. మనవాళ్ళంతా డైస్ అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఒక సెట్‌లో ఏడుంటాయి: నాలుగు, ఆరు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాలవి ఒక్కొక్కటి, పది ముఖాలవి రెండు. ఆ రెండూ కలిపి వేస్తే 1 నుంచి 100 దాకా వస్తుంది, ఒకటి పదుల స్థానం, రెండోది ఒకట్ల స్థానం. డీ6 అంటే ఆరు ముఖాలది, డీ20 అంటే ఇరవై ముఖాలది. 2డీ6 అంటే ఆరు ముఖాలవి రెండు వేసి కూడాలి. మొదటి రోజుకి డైస్ లేకపోయినా ఫోన్‌లో యాప్ సరిపోతుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఏ పనికైనా సూత్రం ఒకటే. డీ20 వేయండి, మీ అంకె కలపండి, జీఎం చెప్పిన అంకెని అందుకుంటే పని అయినట్టు. తేలిక పనికి 10, మధ్యస్థం 15, కష్టం 20. డీ20 మీద ఒక్కో అంకె విలువ నూటికి ఐదు. ఇది మాత్రం బాగా గుర్తుంచుకోండి. నాగుకి +5 ఉంది, 15 కావాలి, అంటే డైస్ మీద 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాలి. ఇరవైలో పదకొండు ముఖాలు. నూటికి 55. ఏమీ కలవనివాడికైతే అదే పని నూటికి 30. అడ్వాంటేజ్ అనే మాట వింటారు. పరిస్థితి మీకు అనుకూలంగా ఉన్నప్పుడు డీ20 రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం. 11 రావాల్సినచోట సగం సగంగా ఉన్న అవకాశం దాంతో 75కి వెళ్తుంది. అందుకే తెలిసినవాళ్ళు ఊచ పట్టుకునే ముందు చుట్టూ చూస్తారు. గునపం ఉందా? ఇంకొకరు చెయ్యి వేస్తారా? అడిగితే జీఎం అడ్వాంటేజ్ ఇవ్వవచ్చు. అడక్కపోతే ఇవ్వరు.

ఇప్పుడు అసలు విషయం. కాగితం వెనకవైపు మూడు వాక్యాలు రాయబోతున్నాం. ఒకటి: నా పాత్రకి ఇప్పుడు ఏం కావాలి? రెండు: ఈ మనుషులతోనే ఎందుకు వెళ్తోంది? మూడు: ఏది చూస్తే ఊరుకోలేదు?

ఇవెందుకు ముందు? జీఎం "ఏం చేస్తారు" అని అడిగినప్పుడు జవాబు షీట్ మీద దొరకదు. షీట్ మీద "నేను ఎంత బాగా చేయగలను" అన్నది ఉంటుంది. "నేను ఏం చేయాలనుకుంటున్నాను" అన్నది ఉండదు. కొత్తవాళ్ళు మొదటి సెషన్‌లో మౌనంగా కూర్చోవడానికి సిగ్గు కారణమని అందరూ అనుకుంటారు. చాలాసార్లు సిగ్గు కాదు. పాత్రకి ఏమీ కావాల్సింది లేదు, అందుకని చెప్పడానికేమీ లేదు. క్యారెక్టర్ అంటే బల్ల దగ్గర ఏం చేస్తుందో అదే. మిగతాదంతా ఆ చేయడానికి సామాను.

నాగునే తీసుకుందాం. మొదట ఆ అమ్మాయి "ప్రపంచంలో గొప్ప ఖడ్గవీరుడు కావాలి" అని రాసిందనుకోండి. వినడానికి బావుంది. కానీ తూము దగ్గర నిలబడ్డప్పుడు ఆ వాక్యం ఏం చెయ్యమంటుంది? ఏమీ చెప్పదు. "తల్లిదండ్రుల్ని చంపినవాడి మీద పగ" అంటే? కాస్త నయం. కానీ అందులో ఉన్నవాళ్ళందరూ చనిపోయారు. జీఎం ఒక రాత్రి తలుపు తట్టించాలంటే తట్టడానికి ఒక్క మనిషి కూడా లేడు. ఇలా రాస్తే చూడండి: "నాగు కోటద్వారం దగ్గర కాపలా కాసేవాడు. ఒక రాత్రి పైఅధికారి చెప్పాడని తనిఖీ చేయకుండా ఒక బండిని వదిలేశాడు. తెల్లారేసరికి ఊళ్ళో ముగ్గురు పిల్లలు కనిపించలేదు. ఆ బండి ఎక్కడికి పోయిందో తెలియాలి." ఇప్పుడు చూడండి ఎన్ని చేతికొచ్చాయో. బతికున్న అధికారి ఒకడు. బండి ఒకటి. పిల్లలు ముగ్గురు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు. తూములోంచి మాటలు వినిపిస్తే నాగు వినకుండా ఉండగలడా? ఎవరూ చెప్పకుండానే ఊచ పట్టుకుంటాడు.

రెండో వాక్యం: "పార్టీలో ఉన్న పండితురాలికి పాత పన్నుల లెక్కలు చదవడం వచ్చు. ఆ బండి ఎవరిదో ఆ లెక్కల్లో ఉంటుంది. నాకు చదువు రాదు." పార్టీ అంటే మీ నలుగురి జట్టు. ఆ వాక్యంతో నాగు ఆ జట్టుని వదిలిపెట్టలేడు. మూడో వాక్యం: "ఎందుకని అడగకుండా ఆజ్ఞ పాటించేవాణ్ణి చూస్తే నాగు ఊరుకోలేడు." ఈ మూడోదే జీఎంకి ఎక్కువ ఉపయోగం. నాగుని కష్టమైన ఎంపికలో పెట్టాలంటే ఎక్కడ నొక్కాలో అది చెబుతుంది.

అక్కడితో ఆపేయండి. పాత కథ అరపేజీ దాటనివ్వకండి. పది పేజీల పూర్వచరిత్ర రాసినవాళ్ళకి ఒక ఇబ్బంది వస్తుంది. ఆ పాత్ర జీవితంలో పెద్ద సంఘటనలన్నీ ఆట మొదలవకముందే అయిపోయి ఉంటాయి, బల్ల దగ్గర జరిగేదంతా వాటి ముందు చిన్నబోతుంది. పైగా ఒకటో లెవెల్ పాత్ర, అంటే ఇప్పుడే మొదలైన పాత్ర, ఇరవై యుద్ధాలు గెలిచానని రాస్తే, మొదటి గొడవలోనే గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి దెబ్బకి పడిపోయినప్పుడు రాసిందీ జరిగిందీ పొసగవు. తేలని ముడి ఒకటి వదలండి, చాలు. ముడి విప్పడం అందరూ కలిసి చేసే పని.

పేరు గురించి ఒక మాట. బల్ల ఇవతలనుంచి అవతలికి పిలవగలిగే పేరు పెట్టండి, రెండు మూడు అక్షరాలు. మీ జట్టులో ఇంకెవరి పేరూ అదే అక్షరంతో మొదలవకుండా చూసుకోండి, జీఎం నోట్సులో తికమక పడకుండా ఉంటారు. నవ్వించడానికి పెట్టిన పేరు మొదటి గంట నవ్విస్తుంది. ఆరో సెషన్‌లో ఆ పాత్ర చావుబతుకుల్లో ఉన్నప్పుడు ఆ పేరే అడ్డం పడుతుంది.

ఇప్పుడు షీట్ తిప్పండి. మొదట ఒక జాగ్రత్త. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2024లో సవరించిన పుస్తకాలు వచ్చాయి. రెండూ ఇప్పుడు బల్లల మీద ఉన్నాయి. మీ జీఎం ఏది వాడుతున్నారో ముందే అడగండి. ఉదాహరణకి, సామర్థ్యాలకి కలిసే అదనపు అంకెలు 2014 నియమాల్లో మీ జాతి నుంచి వస్తాయి, అంటే మనిషా, కథల్లోని పొడుగు చెవుల ఎల్ఫా, పొట్టి డ్వార్ఫా అన్నదాన్నిబట్టి. 2024లో మీ బ్యాక్‌గ్రౌండ్ నుంచి, అంటే అంతకుముందు చేసిన పనినుంచి వస్తాయి. ఇద్దరు రెండు పుస్తకాలు చూసి షీట్ నింపితే లెక్క కలవదు, ఎందుకు కలవలేదో గంటసేపు తెలియదు. నేనివాళ చెప్పే లెక్క 2014ది. ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, మొదటి రోజుకి పుస్తకం కొనక్కర్లేదు.

క్లాస్ అంటే మీ పాత్ర వృత్తి. పన్నెండున్నాయి. పేరు చూసి కాదు, మీ వంతు వచ్చినప్పుడు మీరు ఏం చేయాలనుకుంటున్నారో చూసి ఎంచుకోండి. ముందుకెళ్ళి దెబ్బ కాయాలనుంటే ఫైటర్. చాటుగా వెళ్ళి, తాళాలు తీసి, అదనుచూసి పొడవాలనుంటే రోగ్. ఒకటో లెవెల్ రోగ్ అడ్వాంటేజ్ ఉన్నప్పుడు గానీ, జట్టువాడొకడు శత్రువు పక్కనే ఉన్నప్పుడు గానీ వంతుకోసారి అదనంగా డీ6 దెబ్బ వేస్తాడు. అంటే రోగ్ ఆడేవాళ్ళు ఎప్పుడూ "ఫైటర్ ఎక్కడున్నాడు?" అని చూస్తూనే ఉండాలి. గాయాలు మాన్పాలన్నా, అవసరమైతే గద కూడా తిప్పాలన్నా క్లెరిక్. మంత్రాలు వేసే విజర్డ్ అంటే అందరికీ మోజు, కాదనను. కానీ ఒకటో లెవెల్‌లోనే ఆరు మంత్రాల పుస్తకం, మూడు చిన్న మంత్రాలు, రెండే స్పెల్ స్లాట్లు, అంటే పుస్తకంలోని మంత్రాలు వేయడానికి రెండే అవకాశాలు. ఏది ఎప్పుడు వాడాలో ఇంటిదగ్గర చదువుకుని రావాలి. ఆ ఓపిక ఉంటే తీసుకోండి, చాలా బావుంటుంది. లేకపోతే మీ వంతు వచ్చిన ప్రతిసారీ పేజీలు తిప్పుతారు, మిగతా ముగ్గురూ ఎదురుచూస్తారు.

ఇక ఆరు సామర్థ్యాలు. స్ట్రెంగ్త్ బలం. డెక్స్టెరిటీ చురుకుదనం. కాన్‌స్టిట్యూషన్ దెబ్బకి తట్టుకునే గట్టితనం. ఇంటెలిజెన్స్ చదువూ జ్ఞాపకమూ తర్కమూ. విజ్డమ్ కనిపెట్టే గుణం, ఎదుటివాడు అబద్ధమాడుతున్నాడా, పొదలో ఏదైనా కదిలిందా అన్నది. కరిష్మా ఎదుటివాణ్ణి మన దారిలోకి తెచ్చుకునే శక్తి.

అంకెలు తెచ్చుకోవడానికి మూడు దారులు. డీ6 నాలుగు వేసి చిన్నది తీసేసి మిగతా మూడూ కూడడం, ఇలా ఆరుసార్లు. సగటున 12కి కొంచెం పైన వస్తుంది, కానీ ఒకరికి 17లు, పక్కవాళ్ళకి 9లు పడతాయి. ఆ తేడా నెలల తరబడి బల్ల మీదే ఉంటుంది. రెండోది సిద్ధంగా ఉన్న అంకెలు: 15, 14, 13, 12, 10, 8. మూడోది 27 పాయింట్లతో కొనుక్కోవడం. 8 ఉచితం, 13 దాకా మెట్టుకి ఒక పాయింటు, 14కి మొత్తం 7, 15కి మొత్తం 9. ఆ సిద్ధంగా ఉన్న ఆరంకెల ధర కూడితే సరిగ్గా 27 వస్తుంది, కాబట్టి రెండో దారిలో మీకు అన్యాయమేమీ జరగట్లేదు. మొదటి పాత్రకి ఆ ఆరంకెలే తీసుకోమని నా సలహా.

అసలు అంకెకంటే దాని పక్కన రాసే మాడిఫయర్ ముఖ్యం. ఆటలో కలిసేది అదే. అంకెలోంచి 10 తీసేసి సగం చేసి, భిన్నం వస్తే కిందికి దించండి. 10, 11కి సున్నా. 12, 13కి +1. 14, 15కి +2. 16, 17కి +3. కిందికి 8, 9కి -1. చూశారా, జంటలు జంటలుగా ఉన్నాయి. 14 నుంచి 15కి పెరిగితే షీట్ మీద అంకె మారుతుంది, ఆటలో ఏమీ మారదు. నాగు మామూలు మనిషి, 2014 నియమాల్లో మామూలు మనిషికి ఆరింటికీ ఒక్కొక్కటి కలుస్తుంది. 15 కాస్తా 16 అయింది, మాడిఫయర్ పెరిగింది. 13 కాస్తా 14 అయింది, పెరిగింది. మిగతా నాలుగూ 15, 13, 11, 9 అయ్యాయి, ఒక్కటీ పెరగలేదు. కొత్తవాళ్ళు "ఆరు పాయింట్లు వచ్చాయి" అని సంతోషపడతారు, నిజంగా లాభం రెండే. బేసి అంకె మీద పెట్టిన పాయింటే పని చేస్తుంది.

ఎక్కడ ఏది పెట్టాలి? పెద్ద అంకె మీ క్లాస్ ఆధారపడేదానికి. ఫైటర్ కాబట్టి నాగుకి స్ట్రెంగ్త్ 16. కాన్‌స్టిట్యూషన్ 15. తర్వాతది కొందరు డెక్స్టెరిటీలో పెడతారు. ఆ అమ్మాయి విజ్డమ్‌లో పెట్టింది, 14. ఎందుకు? ద్వారం దగ్గర వచ్చేపోయేవాళ్ళ మొహాలు చదివినవాడు. మూడు వాక్యాలు ముందు రాసుకుంటే అంకెలు ఇలా వాటంతటవే చోటు వెతుక్కుంటాయి. డెక్స్టెరిటీ 13, కరిష్మా 11, ఇంటెలిజెన్స్ 9. ఆ 9ని చూసి దిగులుపడకండి, నాగు మొద్దు కాదు. చదువుకోలేదు, అంతే. అందుకేగా పండితురాలితో వెళ్తున్నాడు?

మిగతా గళ్ళు త్వరగా నింపేద్దాం. ఒకటో లెవెల్‌లో ప్రొఫిషియెన్సీ +2, అంటే నేర్చుకున్న పనులకి కలిసేది. నాగు బ్యాక్‌గ్రౌండ్ సోల్జర్, దాంతో అథ్లెటిక్స్ వచ్చింది: బలం 3, నేర్పు 2, ఇందాకటి ఐదు ఇదే. హిట్ పాయింట్లు, అంటే ఎంత దెబ్బ ఓర్చుకోగలడన్నది: ఫైటర్‌కి 10, కాన్‌స్టిట్యూషన్‌నుంచి 2, మొత్తం 12. గొలుసు కవచానికి ఆర్మర్ క్లాస్ 16, డాలుకి 2, మొత్తం 18. శత్రువు నాగుని కొట్టాలంటే అందుకోవాల్సిన అంకె అది. పొడుగు కత్తితో దెబ్బ తగలడానికి డీ20కి 5 కలపాలి, తగిలితే డీ8కి 3 కలిపినంత నష్టం. ఒక సంగతి మరిచిపోకండి. గొలుసు కవచం చప్పుడు చేస్తుంది. నక్కి నడిచే రోల్‌కి డిసడ్వాంటేజ్, అంటే రెండు వేసి చిన్నది తీసుకోవాలి. ఈ చిన్న గీత షీట్ మీద రాసుకోకపోతే జట్టంతా చీకట్లో చాటుగా వెళ్ళే పథకం వేసుకుంటుంది, చివర్లో ఎవరో గుర్తుచేస్తారు.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయో ఒక్కసారి చూద్దాం. మామూలు గోబ్లిన్ దెబ్బకి డీ20కి 4 కలుస్తుంది. నాగుని తగలాలంటే 14 పడాలి, నూటికి 35. పక్కనే ఆర్మర్ క్లాస్ 12, హిట్ పాయింట్లు 8 ఉన్న విజర్డ్ ఉన్నారనుకోండి. ఆమెకి తగలడానికి 8 చాలు, నూటికి 65. దెబ్బ డీ6కి 2 కలిపి, గరిష్ఠం 8. అంటే ఒక్క దెబ్బకి ఆమె నేలమీద పడొచ్చు. "నేను ఆమెకీ గోబ్లిన్‌కీ మధ్య నిలబడతాను" అని నాగు ఆడే అమ్మాయి చెప్పడంలో ఎంత అర్థముందో ఇప్పుడు తెలిసిందా? అంకెలు, కథ వేరువేరు కావు.

ఇక జట్టు. ఒంటరిగా కూర్చుని పాత్రని పూర్తిచేసుకు రాకండి. మొదటి ఆటకి ముందు అందరూ కలిసి కూర్చునే రోజుని సెషన్ జీరో అంటారు. ముగ్గురు నుంచి ఐదుగురు ఆడేవాళ్ళు, ఒక జీఎం ఉంటే బావుంటుంది. ఆరుగురు దాటితే యుద్ధంలో మీ వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ రోజు మాట్లాడుకోవాల్సినవి: కథ ఎంత గంభీరంగా ఉండాలి, ఒక్కరోజులో అయిపోయే వన్‌షాటా, నెలలపాటు సాగేదా, ఎవరైనా రాలేకపోతే వాళ్ళ పాత్ర ఏమవుతుంది. ఇంకొకటి, దీన్ని మొహమాటపడి వదిలేయకండి: ఏ విషయాలు ఈ బల్లమీదికి రాకూడదు? పిల్లలకి హాని, జంతుహింస, లైంగిక హింస, ఎవరికి ఏది బాధ కలిగిస్తుందో ముందే చెప్పాలి. కారణం చెప్పక్కర్లేదు. బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు పెట్టుకునే పద్ధతి ఒకటుంది. ఆటలో ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సన్నివేశం అక్కడితో వదిలేసి ముందుకెళ్ళాలి, ప్రశ్నలుండవు. మన నాగు కథలో పిల్లలు మాయమయ్యారు కదా? ఆ వాక్యం కూడా సెషన్ జీరోలో చదివి, అందరూ సరేనన్నాకే వాడుకోవాలి. ఒక్కరు వద్దన్నా బండిలో పిల్లల బదులు ఆయుధాలు పెట్టేయండి. నాగుకి ఏమీ తగ్గదు.

జట్టుని కలిపికట్టడానికి తేలిక దారి: ప్రతి ఒక్కరూ ఎడమపక్క కూర్చున్నవాళ్ళ పాత్రకి తాము ఏం బాకీ ఉన్నారో చెప్పాలి, కుడిపక్కవాళ్ళ పాత్ర గురించి తమకొక్కరికే తెలిసిన సంగతొకటి చెప్పాలి. పావుగంట పని. ఇది చేస్తే "మీరంతా సత్రంలో కలుసుకున్నారు, ఇప్పుడు కలిసి వెళ్ళండి" అని జీఎం బతిమాలుకునే అవసరముండదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఒంటరి వీరుడు. ఎవరితో మాట్లాడడు, ఎవర్నీ నమ్మడు, మూలన కూర్చుంటాడు. నవలలో బావుంటాడు, ఎందుకంటే నవల అతని మనసులో ఏముందో చెబుతుంది. బల్ల దగ్గర మనసు వినిపించదు. మూలన కూర్చున్నవాడు మూలన కూర్చున్నట్టే కనిపిస్తాడు. అనుమానస్తుడిగా ఆడాలనుంటే ఆడండి, కానీ ఈ నలుగురిలో ఒక్కర్ని నమ్ముతాడని రాసుకోండి. రెండో తప్పు, జట్టువాళ్ళ సంచిలో దొంగతనం చేసి "నా పాత్ర అలాంటిది మరి" అనడం. ఆ పాత్రని తయారుచేసింది మీరే కదా? అలా చేయని పాత్రని కూడా మీరే చేసుకోగలరు. ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఎందుకంటే బల్లలు విడిపోయేది రాక్షసుల వల్ల కాదు, దీనివల్ల. మూడోది, రహస్యాలు. మీ పాత్ర రహస్యం ఎవరికీ తెలియకుండా ఆట ముగిస్తే అది లేనట్టే లెక్క. మూడో సెషన్‌లోపల ఒకరికైనా బయటపడేలా చూసుకోండి.

అన్ని ఆటలూ డీ20వి కావు. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతూలులో పది ముఖాలవి రెండూ కలిపి 1 నుంచి 100 దాకా వేస్తారు, మీ నేర్పు 60 అయితే 60 గానీ తక్కువ గానీ పడాలి, చిన్న అంకె మంచిది. అందులో మీరు వీరులు కాదు, వింత సంఘటనల్ని పరిశోధించే మామూలు మనుషులు. ఎన్నాళ్ళు ఆడినా ఒంటి బలం పెద్దగా పెరగదు, మతి నిలకడ తరుగుతూ పోతుంది. అక్కడ "గొప్ప యోధుడు" అన్న పాత్ర నిలవదు, "తెలుసుకోకుండా ఉండలేను" అన్న పాత్ర నిలుస్తుంది. ఇంకొన్ని ఆటల్లో 2డీ6 వేస్తారు. 10 ఆపైన పూర్తి విజయం, 7 నుంచి 9 అయితే పని అవుతుంది కానీ ఏదో ఒక మూల్యం, 6 గానీ తక్కువ గానీ అయితే చిక్కు. ఏమీ కలపకుండా చూస్తే 36 రకాల్లో పూర్తి విజయం ఆరే, మిగతావి పదిహేను, పదిహేను. అంటే కథ ఎప్పుడూ చిక్కుల్లోనే నడుస్తుంది, అదే ఆ ఆటల రుచి. ఏ ఆటైనా ఆ మూడు వాక్యాలు మాత్రం పనికొస్తాయి.

అక్కడ చెయ్యెత్తారు, అడగండి. "మొదటి రోజు నా వంతు వచ్చినప్పుడు బుర్ర పనిచేయకపోతే?" మంచి ప్రశ్న. యుద్ధంలో మీ వంతులో చేసేవి ప్రధానంగా రెండు: కదలడం, సాధారణంగా 30 అడుగులు, ఒక పని చేయడం. మీకు ముందున్నవాళ్ళ వంతు నడుస్తుండగానే మీ వాక్యం సిద్ధం చేసుకోండి. వాక్యంలో పనీ ఉద్దేశమూ రెండూ ఉండాలి. "గోబ్లిన్‌ని కొడతాను" అనడం కన్నా "విజర్డ్ దగ్గరికి పోకుండా అడ్డంపడి కొడతాను" అంటే జీఎంకి మీ మనసు తెలుస్తుంది, నియమం మీకు తెలియకపోయినా ఏది వాడాలో ఆయన చెబుతారు. అప్పటికీ తోచకపోతే మూడో వాక్యం చూడండి. అదీ కాకపోతే "నాగుకి ఇక్కడ ఏం కనిపిస్తోంది?" అని అడగండి. ప్రశ్న అడగడం కూడా ఆటే.

ఇంకొకరు... "పాత్ర చనిపోతే?" హిట్ పాయింట్లు సున్నా అయితే సాధారణంగా వెంటనే చావు కాదు. స్పృహ తప్పుతుంది. ప్రతి వంతులో ఒక డీ20, ఏమీ కలపకుండా. 10 ఆపైన పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందొస్తే ప్రాణం నిలకడగా ఉంటుంది, మూడు ఓటములు ముందొస్తే పోతుంది. 20 పడితే ఒక హిట్ పాయింటుతో లేచి కూర్చుంటాడు, 1 పడితే రెండు ఓటములు. ఈలోగా జట్టువాళ్ళెవరైనా ఒక్క పాయింటు మాన్పినా లేస్తాడు. అందుకని పడిపోయినప్పుడు కంగారుపడకండి, మీ చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తారో చూడండి. నిజంగానే పోతే, ఆ పాత్ర వదిలిపోయిన ముడిని మీ కొత్త పాత్ర మొదటి వాక్యంగా పెట్టుకోవచ్చు. నాగు పోతే, మాయమైన ముగ్గురిలో ఒకడి అక్క ఆ బండి కోసం బయలుదేరుతుంది.

షీట్ నింపడానికి పెన్సిలే వాడండి, హిట్ పాయింట్లు గంటలో పదిసార్లు మారతాయి. ఇప్పుడు నలుగురు చొప్పున బల్లల దగ్గర కూర్చోండి. ముందు కాగితం వెనకవైపు మూడు వాక్యాలు, తర్వాత పక్కవాళ్ళకి చదివి వినిపించండి. అంకెలు ఆ తర్వాతే. నేను ఒక్కో బల్ల దగ్గరికీ వస్తాను.